నవల పూర్తయింది, పబ్లిషర్‌కి ఏమని చెప్పాలి? తెలుగులో ఏజెంట్లు ఉంటారా?

గుంపు మేస్త్రీ మనవడు

అందరికీ నమస్తే. మాది కల్వకుర్తి దగ్గర ఊరు, ఉద్యోగం మీద మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాను. ఒక నవల రాశాను. ఫోన్‌లోనే టైప్ చేసుకుంటూ పోయి చివరికి వర్డ్ ఫైల్‌లో పెట్టాను. డీటీపీ చేసే దోస్తు చూసి డెమీ సైజులో మూడు వందల పేజీలు దాటుతుందన్నాడు. రాసినన్నాళ్లు హాయిగానే ఉంది, ఇప్పుడు దీన్ని ఎవరి చేతిలో పెట్టాలో, ఏమని చెప్పి పెట్టాలో తెలియక టెన్షన్ పట్టుకుంది.

యూట్యూబ్‌లో చూస్తే అందరూ రచయిత తరఫున పబ్లిషర్‌తో మాట్లాడే లిటరరీ ఏజెంట్ అంటారు, నవల చదవమని అడుగుతూ రాసే క్వెరీ లెటర్ అంటారు, లిఫ్టు ఎక్కి దిగేలోపు కథ చెప్పేయాలంటారు. మన దగ్గర అలాంటి ఏజెంట్లు ఉన్నారా, లేక నేరుగా పబ్లిషర్‌కే పంపాలా? హైదరాబాద్‌లో ఒక ప్రచురణకర్తకు ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు, "నవల దేని గురించో నాలుగు ముక్కల్లో రాసి వాట్సాప్ చేయండి, బాగుంటే ఫైల్ అడుగుతాం" అన్నారు. ఇంకో చోటి నుంచి వాళ్లంతట వాళ్లే మెసేజ్ పెట్టారు. నవల చదవకముందే సెలెక్ట్ అయిందట. 75,000 కడితే కవర్ పేజీ, పుస్తకానికి గుర్తింపు నంబరైన ఐఎస్‌బీఎన్, ఆవిష్కరణ సభ, అమెజాన్‌లో పెట్టడం అన్నీ ప్యాకేజీలో వస్తాయట.

ఆ నాలుగు ముక్కలు కింద రాశాను. ఇంకా ఎవరికీ పంపలేదు. మొహమాటం లేకుండా చెప్పండి.

"పాలమూరు కరువు, వలసల నేపథ్యంలో సాగే ఈ నవల మూడు తరాల శ్రమజీవుల బతుకులకు అద్దం పడుతుంది. మట్టి వాసన, మానవ సంబంధాలు, ప్రేమ, దోపిడీ, తిరుగుబాటు కలగలిసిన ఈ రచన ప్రాజెక్టులు కట్టిన చేతులకు గుక్కెడు నీళ్లు దక్కని విషాదాన్ని కళ్లకు కట్టి పాఠకుడి గుండెను తడుతుంది."


దేవరకొండ బస్సు

తెలుగులో ఏజెంట్లు లేరన్నా. ఎందుకు లేరో లెక్క వేసి చూడు. తెలుగు నవల 500 కాపీలు వేస్తారు, మహా అయితే వెయ్యి. పుస్తకం ధర 300 అనుకో, 500 కాపీలూ అమ్ముడుపోతే లక్షా యాభై వేలు. రచయితకు పది శాతం రాయల్టీ నిజంగా చేతికొచ్చిందనుకుంటే 15,000. అందులో ఏజెంటుకు పదిహేను శాతం అంటే 2,250 రూపాయలు. నీ నవల చదివి, పది మందికి ఫోన్లు చేసి, అగ్రిమెంట్ చూసి పెట్టినందుకు రెండు వేల చిల్లర. ఎవరు చేస్తారు?

ఆ 75 వేల నంబర్ బ్లాక్ చెయ్. చదవకుండా సెలెక్ట్ చేసినవాడు నీ నవలను కాదు చూసింది, నీ జేబును.


ప్రూఫుల అక్క, నల్గొండ

తమ్ముడూ, నేను చాలాకాలంగా ప్రూఫులు దిద్దుతున్నాను. ప్రచురణకర్తలకు వచ్చే నవలల్లో కొన్ని ముందు నా దగ్గరికే వస్తాయి, వేయొచ్చా లేదా ఒక మాట చెప్పమని. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టు.

ఏజెంట్ పని ఒకప్పుడు మనకు వారపత్రికలు చేసిపెట్టేవి. సీరియల్ వచ్చేది, ఉత్తరాలు వచ్చేవి, ఆ ఉత్తరాలు చూసి పబ్లిషరే రచయిత ఇంటికి మనిషిని పంపేవాడు. చతుర పత్రిక నెలకొక నవల వేసేది, అదీ ఆగిపోయింది. పోటీలు ఉన్నాయి, తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాలు అప్పుడప్పుడు నవలల పోటీ పెడతాయి, బహుమతి వస్తే పుస్తకం సంగతి కూడా సులువవుతుంది. పోటీ లేనప్పుడు మాత్రం నీ నవల గురించి నువ్వే చెప్పుకోవాలి. చెప్పుకోవడం అంటే పొగుడుకోవడం అనుకుని మనవాళ్లలో సగం మంది సిగ్గుపడి ఆగిపోతారు, మిగతా సగం నీలాగా గుండెను తడుతుంది అని రాస్తారు. తట్టిందో లేదో చదివినవాళ్లు చెప్పాలి కదా.

నీ పేరాలో నాకు కనిపించిన అసలు లోపం వేరే. అందులో ఒక్క మనిషి లేడు. కరువు ఉంది, వలస ఉంది, దోపిడీ ఉంది, మూడు తరాలున్నాయి, పేరున్న మనిషి ఒక్కడూ లేడు. నల్గొండ నుంచి వచ్చే నవలల కవరింగ్ లెటర్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, మర్రిగూడ నుంచి మునుగోడు దాకా వంగిపోయిన నడుములు ఉంటాయి. పాలమూరు నుంచి వచ్చేవాటిలో బొంబాయి బస్సు ఉంటుంది. సాగర్ కింద, శ్రీశైలం కింద మునిగిన ఊళ్లు ఉంటాయి. ఇవన్నీ నిజమే, రాయాల్సినవే, నేను కాదనను. కానీ ఆ కష్టం జిల్లా మొత్తానిది, నీ ఒక్క నవలది కాదు. అదే కష్టం మీద అవతలి టేబుల్ మీద ఇంకో నాలుగు ఫైళ్లు ఉంటాయి. నీ ఫైలే ఎందుకు తెరవాలి అంటే నీ మనిషి వేరు కాబట్టి. జిల్లా బాధ చూపించి పుస్తకం వేయించుకోవాలని చూడకు, జాలిపడి ఎవరూ మూడు వందల పేజీలు చదవరు.

అందుకని నాకు ఇది చెప్పు. కథ ఎవరిది? ఆ మనిషికి ఏం కావాలి? అడ్డం ఏముంది? కావాల్సింది దక్కించుకోవాలంటే ఏం పోగొట్టుకోవాలి? నవల ఎంత పెద్దదైనా ఈ నాలుగింటికీ జవాబు ఐదారు వాక్యాల్లో పడుతుంది. పడలేదంటే లోపం ఆ నాలుగు ముక్కల్లో కాదు, నవలలోనే ఎక్కడో ఉందని కూడా అనుమానించు. ఆ ఐదారు వాక్యాల కింద నువ్వెవరు, ఏ ఊరు, ఇంతకుముందు కథలేమైనా ఎక్కడైనా వచ్చాయా, నవల ఎన్ని పేజీలు, ఇది రాయడానికి నీకేం అధికారం ఉంది. అధికారం అంటే డిగ్రీ కాదు. నీ పేరు చూస్తే మీ తాత గుంపు మేస్త్రీ, అంటే కూలీల గుంపును పనికి తీసుకుపోయేవాడు, అని తెలుస్తోంది, ఆ ముక్క లెటర్‌లో ఎందుకు లేదు మరి?

ఫైల్ అడిగితే పంపాల్సినవి: ఒక పేజీ లెటర్, ఒకటిన్నర రెండు పేజీల్లో మొత్తం కథ, మొదటి ముప్పై పేజీలు. మొత్తం కథ అంటే చివర ఏమవుతుందో కూడా. చాలామంది "ఆ తర్వాత ఏం జరిగిందో నవలలో చదవండి" అని చుక్కలు పెడతారు. అది వెనక అట్ట మీద రాయడానికి బాగుంటుంది, డబ్బులు పెట్టేవాడికి ముగింపు తెలియాలి. ముప్పై పేజీలూ మొదటివే పంపాలి, నీకు బాగా నచ్చిన పద్నాలుగో అధ్యాయం కాదు. మొదటి పేజీలో కోడి కూయడం, తూర్పున ఎరుపెక్కడం, ఊరి వర్ణన ఉంటే తీసేసి మనుషులు మాట్లాడుకునే చోటి నుంచి మొదలుపెట్టు, పోయేదేమీ లేదు.

ఇంకోటి, ముందుమాటలు. పుస్తకం ఇంకా ఎవరూ ఒప్పుకోకముందే ముగ్గురు పెద్దవాళ్లతో ముందుమాటలు రాయించి జతచేసి పంపుతారు. అవి చదివే అలవాటు నాకైతే లేదు. పైగా ఆ పెద్దాయనకూ పబ్లిషర్‌కూ పడకపోతే నీ పని గోవిందా.

ఇక ఫాంట్ గొడవ. యూనికోడ్ వర్డ్ ఫైల్ పంపు, పీడీఎఫ్ వేరేగా పంపు. డీటీపీ దోస్తు ఉత్సాహంకొద్దీ యూనికోడ్ కాని అను ఫాంట్స్‌లోకి మార్చి పేజ్‌మేకర్‌లో పెట్టి ఇస్తానంటాడు, ఇప్పుడే వద్దను. మార్చేటప్పుడు పొల్లు తర్వాత కనిపించకుండా ఉండే చిన్న విరామం ఎగిరిపోతుంది, మహబూబ్‌నగర్ కాస్తా మహబూబ్నగర్ అయి కూర్చుంటుంది. ఒక్క చోట అయితే సరే, నీ నవలలో జడ్చర్ల బస్టాండ్‌లో దిగినవాడల్లా మహబూబ్‌నగర్ పోతూనే ఉంటాడు కదా, ప్రతిసారీ నేను ఎర్ర సిరాతో విడగొట్టాలి. ఎడిటింగ్ అంతా అయ్యాక ఒక్కసారే మార్చుకోవాలి.

యాస గురించి కూడా లెటర్‌లోనే ఒక వాక్యం రాసెయ్. సంభాషణ పాలమూరు యాసలో ఉందా, కథనం కూడానా? పోయిండు అని ఒకచోట, వోయిండు అని ఒకచోట ఉంటే నాలాంటివాళ్లు అన్నీ ఒకటే చేస్తారు, అప్పుడు నీకు కోపమొస్తుంది. ఏది ఎలా రాశావో ఒక పేజీ పట్టిక పెట్టు.


సాగర్ ఎడమ కాలువ

మాది మిర్యాలగూడ, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇంగ్లీష్ వైపు సంగతి నేను చెప్తాను. ఒక స్నేహితురాలు తెలుగు నుంచి అనువాదాలు చేస్తుంది, ఆమె లెటర్లు పంపేటప్పుడు పక్కన కూర్చుని చూశాను.

నువ్వు యూట్యూబ్‌లో చూసిన ఏజెంట్ పద్ధతి అమెరికా, బ్రిటన్‌లది. అక్కడ పెద్ద ప్రచురణ సంస్థలు ఏజెంట్ ద్వారా రాని నవలను సాధారణంగా తెరవవు. ఏజెంట్ ముందు ఒక్క పైసా తీసుకోడు, పుస్తకం అమ్ముడైతే దేశంలో హక్కుల మీద 15 శాతం, విదేశీ, అనువాద హక్కుల మీద 20 శాతం తీసుకోవడం అక్కడ రివాజు. చదవడానికి ఫీజు అడిగితే వాడు ఏజెంటే కాదు. ఇలాంటి మోసాలను రైటర్ బివేర్ అనే సైట్ ఏళ్ల తరబడి బయటపెడుతోంది, ఎవరికైనా పంపేముందు పేరు అందులో ఒకసారి వెతుక్కో.

మన దేశంలో కూడా ఏజెన్సీలు ఉన్నాయి, తక్కువే. ఢిల్లీలో రైటర్స్ సైడ్, రెడ్ ఇంక్, ఎ సూటబుల్ ఏజెన్సీ, జైపూర్‌లో సియాహీ. వీళ్ల పని ప్రధానంగా ఇంగ్లీష్ పుస్తకాలు, భారతీయ భాషల నుంచి ఇంగ్లీష్‌లోకి వచ్చే అనువాదాలు. తెలుగు నవలను తెలుగు పబ్లిషర్‌కు ఇప్పించడం వాళ్ల పని కాదు. ఇంకో తేడా, ఇక్కడ కొన్ని ఇంగ్లీష్ ప్రచురణ సంస్థలు రచయిత నేరుగా పంపినా తీసుకుంటాయి, వెస్ట్‌లాండ్‌కి ఏకా పేరుతో భారతీయ భాషల కోసమే ఒక విభాగం ఉంది. ఎప్పుడు తీసుకుంటారు, ఎప్పుడు మూసేస్తారు అన్నది మారుతూ ఉంటుంది కాబట్టి పంపే రోజు వాళ్ల వెబ్‌సైట్‌లో సబ్మిషన్ పేజీ చదివి, వాళ్లు అడిగింది అడిగినట్టు పంపాలి. మూడు అధ్యాయాలు అంటే మూడే. అటాచ్‌మెంట్ వద్దు అంటే మెయిల్‌లోనే అతికించాలి.

క్వెరీ లెటర్ ఒక్క పేజీ. మూడు వందల మాటలు అటూ ఇటూ. ప్రూఫుల అక్క చెప్పిన నాలుగు ప్రశ్నలే అందులోనూ ఉంటాయి, అదనంగా రెండు ఉంటాయి. ఒకటి, నవల ఎన్ని మాటలు. తెలుగులో 70 వేల మాటలున్న నవల ఇంగ్లీష్‌లో లక్ష దగ్గరికి పోవచ్చు, మనకు "ఊళ్లోంచి" ఒక్క మాట, వాళ్లకు మూడు నాలుగు మాటలు, అందుకని తెలుగు లెక్క రాయకు. కొత్త రచయిత నవల 80 వేల నుంచి లక్ష మధ్య ఉంటే వాళ్లకు భయం ఉండదు. రెండోది, ఈ మధ్య వచ్చిన పుస్తకాల్లో నీదానికి దగ్గరగా ఉన్నవి ఒకటో రెండో చెప్పాలి, గత నాలుగైదేళ్లలోవి. టాల్‌స్టాయ్ పేరు రాస్తే అక్కడే మూసేస్తారు. నా నవల లాంటిది ఇంతవరకు రాలేదు అని రాసినా అంతే, ఎందుకంటే ఆ పుస్తకాన్ని షాపులో ఏ అరలో పెట్టాలో వాళ్లకు తెలియాలి.

ఒకేసారి ఐదారుగురికి పంపొచ్చు, తప్పు లేదు, ఆ సంగతి లెటర్‌లో చెప్తే చాలు. ఒకళ్లు ఒప్పుకున్న రోజే మిగతావాళ్లకు మెయిల్ పెట్టాలి. జవాబు రాకపోవడమే చాలాసార్లు జవాబు.

2025లో ఇంగ్లీష్ అనువాదాలకిచ్చే ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి కన్నడ కథలకు వచ్చింది కదా, 50 వేల పౌండ్లు రచయిత్రికీ అనువాదకురాలికీ సగం సగం. అప్పటి నుంచి దక్షిణాది భాషల వైపు చూపు తిరిగింది అని అందరూ అంటున్నారు. నిజమే కావచ్చు, కానీ ఆ చూపు నీ దాకా రావాలంటే ముందు మంచి అనువాదకులు దొరికి, కనీసం ముప్పై నలభై పేజీలు చేసి పెట్టాలి. ముందు తెలుగులో పుస్తకం రానీ. తెలుగులో నలుగురు చదివి మాట్లాడుకున్న నవలను అనువదించడానికి మనిషి దొరకడం తేలిక.


గుంపు మేస్త్రీ మనవడు

అక్కా, మీరు అడిగిన నాలుగు ప్రశ్నలు పెట్టుకుని కూర్చుంటే మొత్తం మారిపోయింది. చూడండి:

"1970లలో శ్రీశైలం డ్యామ్ పని దగ్గర గుంపు మేస్త్రీ బాలయ్య రాళ్ల కింద పడి చనిపోతాడు. అతని కూతురు చంద్రమ్మ చేతికి ఒక అప్పుల పుస్తకం వస్తుంది. అడ్వాన్సులు తీసుకున్న నలభై కుటుంబాల పేర్లు అందులో ఉన్నాయి, సగం చంద్రమ్మ చుట్టాలే. కాంట్రాక్టర్ అంటాడు, ఈ గుంపును తర్వాతి సైటుకు నడిపిస్తే మీ నాన్న బాకీ మాఫీ, లేకపోతే ఆ బాకీ నీది. చంద్రమ్మకు ఊరికి పోయి తండ్రి తాకట్టు పెట్టిన రెండెకరాలు విడిపించుకోవాలని ఉంది. అందుకు ఆమె తండ్రిలాగే మేస్త్రీ కావాలి, తన చిన్నమ్మనూ మేనమామనూ ఆ పుస్తకంలోని లెక్క ప్రకారం లారీ ఎక్కించాలి. ఈ నవల రాసిన నేను అలాంటి ఒక మేస్త్రీ మనవడిని, ఆ పుస్తకం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది."

మూడు తరాలు తీసేశాను, లెటర్‌లోంచి మాత్రమే, నవలలో ఉన్నాయి. ఇంకో సందేహం, చంద్రమ్మ చివరికి ఆ పుస్తకం ఏం చేస్తుందో ఇందులో చెప్పాలా?

అలాగే, ఇద్దరు ముగ్గురు ఒప్పుకునేలా ఉంటే అగ్రిమెంట్‌లో ఏం చూసుకోవాలో ఎవరైనా చెప్పండి. మన దగ్గర నోటిమాట మీదే నడుస్తుంది అంటారు.


ప్రూఫుల అక్క, నల్గొండ

ఇది పంపితే నేనైతే ఫైల్ అడుగుతాను. చుట్టాలను లారీ ఎక్కించడం దగ్గరే నవల ఉంది. ముగింపు ఈ ముక్కల్లో వద్దు, రెండు పేజీల సంగ్రహంలో చెప్పు. "రాళ్ల కింద పడి" అంటే రాళ్లు అతని మీద పడ్డాయా, అతనే పడ్డాడా తెలియడం లేదు, అది దిద్దు. చివరి వాక్యాన్ని అసలు కదిలించకు.


పాలమూరు వకీల్

కోర్టు పనుల మధ్యలో రాస్తున్నాను, అగ్రిమెంట్ వరకు చెప్తాను.

కాపీరైట్ నువ్వు రాసిన క్షణమే నీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే సాక్ష్యంగా పనికొస్తుంది, నవలకు ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లో అవుతుంది. ఐఎస్‌బీఎన్ కూడా ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, రాజా రామ్మోహన్ రాయ్ పేరున్న జాతీయ ఏజెన్సీ ద్వారా, రచయిత సొంతంగా కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్యాకేజీల వాళ్లు ఈ ఐఎస్‌బీఎన్‌కి వేలల్లో లెక్క కడతారు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నోటిమాట గురించి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, లేకపోతే చెల్లదు. అందులో ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతం, రాయల్టీ ఎంత అన్నీ ఉండాలి. ఎన్నేళ్లో రాయకపోతే ఐదేళ్లు అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టమే అనుకుంటుంది. హక్కులు తీసుకుని ఏడాదిలోపు వాడుకోకపోతే అవి తిరిగి నీకే వస్తాయి, అయితే అగ్రిమెంట్‌లో వేరేగా రాసి ఉంటే అదే నడుస్తుంది. అందుకే ఆ "వేరేగా" ఎక్కడ రాశారో వెతికి చదవాలి. "సర్వహక్కులు ప్రచురణకర్తవి" అని ఒక్క లైన్ పెట్టి సంతకం పెట్టమంటారు. సర్వహక్కులు అంటే అనువాదం, ఆడియో, సినిమా, వెబ్ సిరీస్ అన్నీ పోయినట్టే. నువ్వు ఇవ్వాల్సింది తెలుగు ప్రింట్ హక్కు, మూడేళ్లకో ఐదేళ్లకో. ఈబుక్ వాళ్లే వేస్తామంటే దానికి వేరే శాతం రాయించుకో. పైన సాగర్ ఎడమ కాలువ చెప్పిన ఇంగ్లీష్ దారి తెరిచి ఉండాలంటే అనువాద హక్కు నీ దగ్గరే ఉండాలి.

రాయల్టీ ధర మీదా, కమిషన్ పోగా వచ్చిన మొత్తం మీదా అన్నది కూడా చూసుకో. షాపులకు నలభై శాతం దాకా కమిషన్ పోతుంది. 300 పుస్తకం మీద పది శాతం అంటే 30, అదే కమిషన్ పోగా మీద అంటే 18. కాగితం మీద రెండూ పది శాతమే.

బదులుగా పుస్తకాలు ఇస్తాం అంటారు కొందరు, అది మోసమేం కాదు, మన దగ్గర చాలా నడుస్తుంది. ఎన్ని కాపీలో అంకె రాయించుకో.


నాగర్‌కర్నూల్ సారు

నేను రిటైర్డ్ తెలుగు పండిట్‌ను. ఇదంతా చదివాక ఒక మాట అనాలనిపించింది. ఈ లెటర్లు, పిచ్‌లు, సంగ్రహాలు మనకెందుకు బాబూ. 300 కాపీలు సొంతంగా వేయించుకో, అచ్చంపేటలో ఒక సభ, మహబూబ్‌నగర్‌లో ఒక సభ పెట్టు, మిత్రులు, కాలేజీ లైబ్రరీలు, ఉపాధ్యాయ సంఘాలు తీసుకుంటాయి. మా తరం అంతా అలాగే వేసుకున్నాం. ఎవరి దయాదాక్షిణ్యాల కోసమూ లెటర్లు రాయలేదు. పాలమూరు నుంచి రాసినవాణ్ని పట్నం వాళ్లు చదువుతారా లేదా అని ఎదురుచూడటం కంటే ఇది గౌరవం కాదా?


దేవరకొండ బస్సు

సార్, గౌరవమే, కాదనం. కానీ 300 కాపీల్లో రెండు వందలు మనింట్లో అటక మీదే ఉంటాయి. తెలిసినవాళ్లు మొహమాటానికి కొంటారు, తెలియనివాళ్ల చేతికి పోదు. పుస్తకం వేసే డబ్బు కాదు సమస్య, పుస్తకం షాపుల దాకా, బుక్ ఫెయిర్ స్టాల్స్ దాకా పోవడం సమస్య.


ప్రూఫుల అక్క, నల్గొండ

సార్, మీరన్నదాంట్లో ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. సొంతంగా వేసుకోవడం వేరు, ప్యాకేజీకి డబ్బు కట్టడం వేరు. సొంతంగా వేసుకుంటే కాగితం, ప్రింటింగ్, బైండింగ్ బిల్లు నీ చేతిలో ఉంటుంది, ఎన్ని ఫారాలు (అచ్చు షీట్లు) అయ్యాయో నీకు తెలుస్తుంది, కాపీలన్నీ నీవే, హక్కులన్నీ నీవే. తెలుగులో మంచి పుస్తకాలు చాలానే అలా వచ్చాయి, ఆ తర్వాత పంపిణీకి మాత్రం నవోదయ లాంటి పుస్తకాల షాపులకు ఇచ్చుకున్నారు. ప్యాకేజీలో అవేవీ ఉండవు, పైగా పబ్లిషర్ పేరు వాళ్లది.

కానీ లెటర్ రాయడం దయ కోసం అంటే నేను ఒప్పుకోను. సొంతంగా వేసుకున్నా వెనక అట్ట మీద ఆ ఐదారు వాక్యాలు కావాలి, బుక్ ఫెయిర్‌లో ఎవరైనా పుస్తకం చేతిలోకి తీసుకుని ఇది దేని గురించి అని అడిగితే అవే చెప్పాలి, పేపర్‌లో సమీక్షకు పంపినా అవే. తమ్ముడి మొదటి పేరాకూ రెండో పేరాకూ మధ్య తేడా మీరే చూశారు కదా సార్, మీరైతే ఏ పుస్తకం తెరుస్తారు?


నాగర్‌కర్నూల్ సారు

రెండోదే తెరుస్తానమ్మా. ఆ అప్పుల పుస్తకం నిజంగా ఇంట్లో ఉంటే ఒక పేజీ ఫోటో తీసి నవల లోపల వేయమను. వేలిముద్రలు ఉంటాయి అందులో. పేర్లు మాత్రం కనబడనీయొద్దు, ఆ కుటుంబాల వాళ్లు ఉన్నారు ఇంకా.


గుంపు మేస్త్రీ మనవడు

ఉన్నాయి సార్, వేలిముద్రలే ఎక్కువ. అందరికీ థాంక్స్. చివరి ప్రశ్న: డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి పోతే స్టాల్స్‌లో నేరుగా అడగొచ్చా, లేక వాట్సాప్ చేసి ఊరుకోవాలా? ఎన్నాళ్లు ఆగి మళ్లీ గుర్తు చేయాలి?


ప్రూఫుల అక్క, నల్గొండ

మొదట ఫోన్‌లో మర్యాదగా మాట్లాడినవాళ్లకు ఈ రోజే పంపు, బుక్ ఫెయిర్ దాకా ఆగకు. ఆరు వారాలు చూసి ఒక మెసేజ్ పెట్టు, ఇంకో నెల చూసి వేరేవాళ్లకు పంపు. ఈలోపు ప్రతిలిపి యాప్‌లో కానీ ఫేస్‌బుక్‌లో కానీ నవల మొత్తం పెట్టేయకు, ఒక అధ్యాయం పెడితే పర్వాలేదు. ఎవరికి పంపాలో తేల్చుకోవడానికి వాళ్ల కేటలాగ్ చూడు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసే పుస్తకాలు ఒక తీరు, అన్వీక్షికి, ఛాయ వేసేవి ఇంకో తీరు, ఎమెస్కోది వేరే దారి. వాళ్లు వేసిన నవలల్లో ఒక్కటైనా చదివి, ఆ సంగతి లెటర్‌లో ఒక్క వాక్యంలో రాస్తే, వందమందికి ఫార్వర్డ్ కొట్టిన మెసేజ్ కాదని వాళ్లకు అర్థమవుతుంది.

బుక్ ఫెయిర్‌కి పోతే ఆదివారం సాయంత్రం పోకు, స్టాల్‌లో వాళ్లకు చిల్లర ఇవ్వడానికే టైం ఉండదు. పనిరోజు మధ్యాహ్నం పోయి, ఒక పుస్తకం కొని, మీ దగ్గర కొత్త నవలలు చదివేది ఎవరండీ అని అడుగు. స్టాల్‌లో ఉన్నది అమ్మే కుర్రాడైతే అతనికి కథ చెప్పకు, పేరూ నంబరూ తీసుకో. ప్రింటవుట్ల కట్ట మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకు, సాయంత్రానికి అది పుస్తకాల డబ్బాల మధ్య ఎటుపోతుందో ఎవరికీ తెలియదు.


పాలమూరు వకీల్

అగ్రిమెంట్ ఏదైనా వస్తే సంతకం పెట్టేముందు తీసుకొని రా. కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపు పక్కన ఉంటాను, ఫీజు ఏమీ వద్దు, పుస్తకం వచ్చాక ఒక కాపీ ఇవ్వు చాలు.